మైత్రీ పతకం, నాలుగో నంబరు

పన్నెండేళ్ళుగా మెట్లెక్కని మనిషి మెట్ల మీంచి పడి చనిపోయాడు.

పతకాల సెక్షన్ సూపరింటెండెంటుకి రెండు మోకాళ్ళూ పాడైపోయాయి. లిఫ్టు చెడిపోయిన రోజున ఆయన ఫైళ్ళన్నీ కిందికి తెప్పించుకుని, వాచ్‌మన్ కుర్చీలో కూర్చునే ఆఫీసు నడిపేవాడు. అలాంటి మనిషి ఆ ఉదయం తొమ్మిదీ ఇరవైకి, లిఫ్టు నిక్షేపంగా పనిచేస్తుండగా, మూడో అంతస్తు మెట్ల మలుపులో తల పగిలి పడి ఉన్నాడు. పోలీసులు వచ్చారు, చూశారు, కాలు జారిందని రాసుకుని వెళ్ళిపోయారు. కాలు జారాలంటే ముందు మెట్టు మీద కాలు పెట్టాలి కదా! ఆ మాట పైకి అన్నవాడు ఊరు మొత్తానికి ఒక్కడే. ఆయన పోలీసు కాదు.

ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. ‘అంతర్జాతీయ మైత్రీ సంఘం’ అని బోర్డున్న మేడలో రెండో అంతస్తు ఆయనది. కింది అంతస్తులో నిజంగానే మైత్రి జరుగుతుంటుంది. పొరుగుదేశానికి పుస్తకాలు పంపుతారు, అక్కడి పిల్లల చేతా ఇక్కడి పిల్లల చేతా ఉత్తరాలు రాయిస్తారు, ఏడాదికోసారి వరసగా నిలబడి గ్రూప్ ఫోటో దిగుతారు. పై అంతస్తులో జరిగేది గూఢచర్యం. సంఘానికి రెండు వందల మంది సభ్యులు. నూట తొంభై మూడు మందికి పై అంతస్తు సంగతి తెలియదు. మిగతా ఏడుగురికీ అదే ఉద్యోగం.

ఆ ఏడుగురిలో ఒకడు తొమ్మిదీ నలభైకి పెద్దాయన గదిలోకి వచ్చాడు. అతని మారుపేరు రిహార్సల్. పైకి చూడ్డానికి అధ్యక్ష భవనం ప్రోటోకాల్ విభాగంలో ఆఫీసరు. ప్రభుత్వ సన్మానాలు అందుకునేవాళ్ళకి ఎక్కడ నిలబడాలో, ఎన్ని అడుగులు వెయ్యాలో, దండం ఎప్పుడు పెట్టాలో ముందురోజు నేర్పించడం అతని పని. గూఢచారి అన్నవాడికి ఏదో ఒక వేషం ఉండాలి. కొందరు గడ్డాలు అతికించుకుంటారు. ఇతను విసుగు పుట్టించే ఉద్యోగం అతికించుకున్నాడు. పదకొండేళ్ళలో అతన్ని రెండోసారి తలెత్తి చూసినవాడు లేడు.

“కూర్చో,” అన్నాడు పెద్దాయన. “ఇది నిలబడి వినే సంగతి కాదు.”

టేప్ రికార్డరు నొక్కాడు. సూపరింటెండెంటు గొంతు. తొమ్మిదీ పన్నెండుకి వచ్చిన ఫోన్. చనిపోవడానికి ఎనిమిది నిమిషాల ముందు.

“నమస్కారమండీ, మైత్రీ సంఘమేనా? ఒక శుభవార్త. చెప్పకూడదు గానీ కడుపులో దాచుకోలేకపోతున్నా. ఇవాళ మైత్రీ పతకాల లిస్టులో మీ సభ్యురాలొకావిడ ఉన్నారు. పద్నాలుగేళ్ళుగా పొరుగు రాజధానిలోనే ఉంటూ సంఘానికి సేవ చేశారట. పాపం, ఆవిణ్ణి ఎవరూ పట్టించుకోలేదు. మీ రిజిస్టరు తిరగేసి నేనే పట్టుకున్నా. నాలుగో నంబరు. పేరు మాత్రం చెప్పనండోయ్, సీలు వేసిన లిస్టు, రూలు ఒప్పుకోదు. స్టేజీ మీద చదువుతారు, వినండి. చప్పట్లు గట్టిగా కొట్టాలి మరి!”

టేపు ఆగింది. సంఘం రిజిస్టరులో పొరుగు రాజధానిలో పద్నాలుగేళ్ళ సర్వీసున్న సభ్యురాలు ఒక్కతే ఒక్కతి. ఆవిడ రిహార్సల్ అక్క.

అమ్మానాన్నా పోయేనాటికి అతనికి తొమ్మిదేళ్ళు, అక్కకి పంతొమ్మిది. లాండ్రీలో ఇస్త్రీ పనికి కుదిరి, వేళ్ళన్నీ కాల్చుకుంటూ తమ్ముణ్ణి చదివించింది. రెండో అంతస్తులో ముందు చేరింది కూడా తనే. పద్నాలుగేళ్ళ క్రితం పొరుగు రాజధానికి వెళ్ళి, అక్కడి సైనిక ప్రధాన కార్యాలయానికి ఎదురుగా డ్రైక్లీనింగ్ షాపు పెట్టుకుంది. ఆ దేశపు కల్నల్సూ జనరల్సూ తమ కోట్లు ఉతకడానికి ఆవిడకే వేస్తారు, జేబులు ఖాళీ చెయ్యడం మాత్రం మర్చిపోతారు. కిందటి నెల కబురు పెట్టింది: ‘ఇంకొక్క ఏడాది. ఆ తర్వాత ఇంటికొచ్చి పడతా. ఈలోగా వంట నేర్చుకోరా వెధవా.’ అప్పటినుంచీ రిహార్సల్ ఆదివారాలు వంటింట్లో గిన్నెలు మాడుస్తున్నాడు.

“పొరుగుదేశం వాళ్ళు ఆయన ఫోన్ ట్యాప్ చేశారు,” అన్నాడు పెద్దాయన. “ఆయన మనకి ముందే చెప్పేశాడని వాళ్ళకి తెలిసింది. ఇంకా ఏం వాగుతాడోనని మెట్ల మీంచి తోసేశారు. మంచివాడు, పాపం. ఆ మంచితనమే కొంప ముంచింది.”

“వాళ్ళకి అక్క పేరు తెలుసా?”

“తెలీదు. పద్నాలుగేళ్ళ క్రితం మన సంఘం నుంచి ఎవరో వెళ్ళి పాతుకుపోయారని అనుమానం. అంతే. మన దేశం నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడ్డవాళ్ళు నాలుగు వేల మంది. వెతకలేక, మన ప్రభుత్వం చేతే పేరు చెప్పిద్దామని ప్లాన్ వేశారు. ఈసారి పతకాల కమిటీలో కొత్త క్లాజు వచ్చింది. ఎక్కువకాలం నిశ్శబ్దంగా సేవ చేసినవాళ్ళకి పతకం ఇవ్వాలట. ఆ క్లాజు పెట్టించిన మహానుభావుడెవరో ఇంకా తేలలేదు.”

“సభ ఆపెయ్యండి సార్.”

“ఆపితే లిస్టులో ఏదో ఉందని మనమే ఒప్పుకున్నట్టు. రేపటికి అక్కడున్న మన సభ్యుల్ని, పాపం పుస్తకాలు పంచుకునేవాళ్ళని కూడా, వరసగా లోపలేస్తారు.”

“లిస్టు మార్చేద్దాం.”

“దాని మీద మన అధ్యక్షుడి సీలు, పక్కనే పొరుగుదేశం రాయబారి సీలు. ఇద్దరూ కలిసి స్టేజీ మీదే తెరవాలి.”

“అధ్యక్షుడి కార్యదర్శికి నిజం చెప్తే?”

“ఆయన మరీ నిజాయితీపరుడు. చెప్పింది చెప్పినట్టు మినిట్స్‌లో రాస్తాడు.”

రిహార్సల్ చేతులు నలుపుకున్నాడు. “అక్కకి కబురు?”

“రెండు రోజులు పడుతుంది. మనకున్నది రెండు గంటల చిల్లర. పన్నెండింటికి సభ, రెండు దేశాల్లోనూ రేడియో లైవ్. పేరు చదివిన ఇరవై నిమిషాల్లో మీ అక్క షాపు ముందు జీపు ఆగుతుంది.” పెద్దాయన ముందుకు వంగాడు. “మనకొక్కటే దారి. లిస్టు చదివేది మైనా. తను మన మనిషే. నాలుగో నంబరు మింగేసి ఐదుకి వెళ్ళిపొమ్మను. కోడ్ గుర్తుందిగా?”

“గుర్తుంది.”

పెద్దాయన చొక్కా మణికట్టుకి పెట్టుకునే కఫ్‌లింక్ గుండీ ఒకటి బల్ల మీద పెట్టాడు. “దీంట్లో మాట్లాడితే నాకు వినిపిస్తుంది. గోడలు అడ్డం లేకుండా అరవై అడుగుల లోపల.”

“దాటితే?”

“దాటితే ఎవరిది వినిపిస్తుందో మావాళ్ళకీ తెలీదు. కొత్త మాడల్.”

*

పదకొండూ పదికి సభాభవనంలో సందడి సందడిగా ఉంది. ఆరు వందల కుర్చీల వెనక నంబర్లు అతికిస్తున్నారు. స్టేజీ మీద రిహార్సల్ ముందురోజు సుద్దతో గీసిన పాదాల గుర్తుల్ని ఎవరో శుద్ధపూస తుడిచేసి, పైన తివాచీ సర్దుతున్నాడు. మామూలుగా అయితే రిహార్సల్ ఆ మనిషికి గడ్డి పెట్టేవాడు. ఇవాళ పట్టించుకోకుండా మేకప్ గది తలుపు తట్టాడు.

మైనా అద్దం ముందు కూర్చుని ఉంది. వెండిరంగు పట్టు, చెవులకి పచ్చలు, ఆ గది మొత్తం తనదేనన్నట్టు ఒక చిరునవ్వు. దేశంలో ఆ గొంతు తెలియనివాళ్ళు లేరు. రేడియోలో ఆవిడ తుఫాను హెచ్చరిక చదివినా జనం గొడుగు వదిలేసి షికారుకి బయల్దేరతారని ఒక జోకు. రెండో అంతస్తుకి ఆరేళ్ళుగా పనిచేస్తోంది.

“ఇవాళ హాల్లో ఉక్కగా ఉంది,” అన్నాడు రిహార్సల్.

“ఫ్యాన్లు తిరుగుతున్నాయి, గాలే రావట్లేదు,” అంది మైనా. కోడ్ సరిపోయింది. “రండి రిహార్సల్ గారూ. ముఖం అలా పాలిపోయిందేం? నేను తప్పు చదువుతానని భయమా?”

“లిస్టులో ఒక పేరు బయటికి రాకూడదు. పెద్దాయన మాట. చదవకుండా దాటేయాలి.”

“ఓస్, ఇంతేనా!” పౌడరు పఫ్ పక్కన పెట్టింది. “నాలుగో నంబరు దగ్గర చిన్నగా దగ్గుతాను, నీళ్ళు తాగుతాను, ఐదు అందుకుంటాను. చీమకి కూడా తెలీదు. మీరు వెళ్ళి హాయిగా కాఫీ తాగండి.”

“థాంక్సండీ,” అని బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశాడు. గుండెల మీంచి బరువు దిగింది. పది అడుగులు వేశాడు. పదకొండో అడుగు దగ్గర కాళ్ళు ఆగిపోయాయి.

తను నంబరు చెప్పలేదు.

నాలుగో నంబరని తెలిసింది పెద్దాయనకీ, తనకీ, చచ్చిపోయిన సూపరింటెండెంటుకీ, ఆయన ఫోన్ దొంగతనంగా విన్నవాళ్ళకీ. ఆరేళ్ళుగా అన్నం పెట్టిన రెండో అంతస్తుని అమ్మేసిందన్నమాట మహాతల్లి! కమిటీలో కళల తరఫు సభ్యురాలు కూడా మైనాయేనని అప్పుడు గుర్తొచ్చింది. ఆ కొత్త క్లాజు ఎవరి నోట్లోంచి ఊడిపడిందో ఇక ఎవర్నీ అడగక్కర్లేదు.

స్తంభం చాటుకి వెళ్ళి కఫ్‌లింక్ నోటి దగ్గర పెట్టుకున్నాడు. “సార్, మైనా డబుల్ ఏజెంట్. వినిపిస్తోందా?”

కఫ్‌లింక్ గరగరలాడింది. “స్టేషన్‌కైతే రాను, పార్కు దాకా అయితే ఎక్కండి,” అంది ఒక టాక్సీ డ్రైవరు గొంతు. మరోసారి ప్రయత్నించాడు. అదే డ్రైవరు ఎవరితోనో పోట్లాట పెట్టుకున్నాడు.

పోనీ మైనాని ఏదో ఒక గదిలో పెట్టి తాళం వేద్దామా అంటే లాభం లేదు. ఆవిడ లేకపోతే కార్యదర్శే స్వయంగా చదువుతాడు, ఒక్క అక్షరం కూడా వదలకుండా. మనిషిని ఆపితే చాలదు, పేరునే ఆపాలి. గోడ గడియారంలో పదకొండూ ఇరవై రెండు. రిహార్సల్ కళ్ళు మూసుకున్నాడు. పదకొండేళ్ళుగా బట్టీపట్టిన ఆ విసుగు పుట్టించే రూల్సన్నీ మనసులో మొదటినుంచీ వల్లించడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు... ఏడో రూలు దగ్గర ఆగాడు. మైత్రి బతికున్నవాళ్ళ మధ్య జరిగేది గనక చనిపోయినవారికి మైత్రీ పతకం ఇవ్వరాదు, వారి పేరు చదవరాదు.

ఆ రూలు గుర్తొచ్చినందుకు సంతోషించాలో, తల గోడకేసి కొట్టుకోవాలో అతనికి తెలియలేదు.

*

కార్యదర్శి గది స్టేజీ వెనకే ఉంది. బల్ల మీద సీలు వేసిన కవరు, దాని పక్కన జిగురు సీసా, ఒక డబ్బాలో నల్లకాగితం ముక్కలు. కార్యదర్శి సన్నగా, ఇస్త్రీ చేసిన కాగితంలా ఉంటాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఒక్క కామా కూడా తప్పు పెట్టలేదని పేరు.

“ఏడో రూలు కింద ఒక ప్రమాణపత్రం ఇవ్వాలండీ,” అన్నాడు రిహార్సల్.

కార్యదర్శి కళ్ళజోడు సవరించుకున్నాడు. “పతకం వచ్చినవాళ్ళెవరైనా పోయారా?”

“నాలుగో నంబరు.”

“రక్తసంబంధీకులే సంతకం పెట్టాలి. ఎదురుగా. ఎవరొచ్చారు?”

“నేనే. మా అక్క.”

పదకొండేళ్ళలో అతను ఆ ఆఫీసులో ఎవరితోనూ తనకొక అక్క ఉందని అనలేదు. అనకూడదు. ఇప్పుడు అన్న మొదటిసారే ఇలా అనాల్సొచ్చింది.

“అయ్యో!” కార్యదర్శి లేచి నిలబడ్డాడు. “మీ అక్కగారా? ఎప్పుడండీ?”

“ఇవాళ పొద్దున.”

“అయినా డ్యూటీకి వచ్చారా!” ఆయన కళ్ళు చెమర్చాయి. సొరుగులోంచి ఫారం తీసి, కుర్చీ తనే జరిపి కూర్చోబెట్టాడు. “పేరు రాయకండి. లిస్టు తెరిచేదాకా అది రహస్యం, నంబరు చాలు. మిగతావన్నీ నింపాలి. రూలు.”

క్రమసంఖ్య: నాలుగు. బంధుత్వం: తమ్ముడు. మరణించిన సమయం. రిహార్సల్ తొమ్మిదీ పన్నెండు అని రాశాడు. మరో అంకె తోచలేదు. కారణం అన్న గడి దగ్గర కలం ఆగింది. జ్వరం వస్తే రాత్రంతా పక్కన కూర్చున్న మనిషికి, తన బడి బట్టలు ఇస్త్రీ చేశాకే పనికి పరిగెత్తిన మనిషికి, ఏ రోగం అంటగట్టాలి? గుండె అని రాశాడు. భౌతికకాయాన్ని స్వయంగా చూశారా? చూశాను.

“చివరగా ఏమైనా అన్నారా?” కార్యదర్శి మెల్లిగా అడిగాడు. “అది ఫారంలో లేదు లెండి. నేనే అడుగుతున్నా.”

“వంట నేర్చుకోమంది.”

కార్యదర్శి తల పక్కకి తిప్పుకున్నాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ ఆఫీసరైపోయాడు. “మీకు చెప్పాల్సిన బాధ్యత ఉంది. ఒంటిగంటకల్లా ఇది రిజిస్ట్రారుకి వెళ్తుంది. ఆవిడ పాస్‌పోర్టు, పౌర రికార్డు, అన్నీ రద్దు. మామూలుగా ఇందులో ఏదీ బయట ప్రకటించం. వెనక్కి తీసుకోవాలంటే మాత్రం గెజిట్‌లో వెయ్యాలి, ఫలానా మనిషి బతికే ఉన్నారని.” చిన్నగా నిట్టూర్చాడు. “అలా ఎప్పుడూ జరగలేదనుకోండి.”

ఇక జరగదు కూడా. పొరుగుదేశం రాయబార కార్యాలయం పొద్దున్నే కాఫీ కంటే ముందు చదివేది మన గెజిట్‌నే. సంతకం పెడితే అక్క బతుకుతుంది. కానీ తన సొంత పేరుతో ఇంక ఏనాడూ సరిహద్దు దాటి రావడానికి వీలుండదు. ఈ ఇంటి ఆడపిల్లగా, ఈ ఊరి మనిషిగా ఆవిడ ఇక లేదు. ఒక ఏడాదే కదా అని వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంటున్న మనిషి. ఆవిణ్ణి అడక్కుండా, ఆవిడ బతుకులో సగం తను కొట్టేస్తున్నాడు. అడిగే టైమెక్కడుంది!

సంతకం పెట్టాడు. పదకొండూ నలభై తొమ్మిది.

“సీలు తెరవగానే నల్లచీటీ నేనే అతికిస్తాను,” అన్నాడు కార్యదర్శి. “పేర్లు కంట పడకూడదు గనక కళ్ళజోడు తీసేసి అతికించాలి. రూలు. అది మైనాగారికి ఇస్తాను. నాలుగో నంబరు రాగానే ఆవిడ ‘దివంగతులు’ అని మాత్రం అంటారు, అందరూ లేచి ఒక నిమిషం మౌనం. బ్యాండుకి సైగ మీదేగా?”

“నాదే.”

*

పన్నెండింటికి ఇద్దరూ సీలు తెరిచారు. ఫ్లాష్‌లు మెరిశాయి. అధ్యక్షుడూ రాయబారీ చేతులు కలిపి, ఫోటోగ్రాఫర్లకి తృప్తి కలిగేదాకా ఊపారు. రిహార్సల్ తన మామూలు చోట, మైకుకి ఎడంవైపు ఒకడుగు వెనక, తెల్ల గ్లవుజులు తొడుక్కుని నిలబడ్డాడు. హాల్లో చివరి వరసలో పెద్దాయన కనిపించాడు. పాపం, మైనా నాలుగో నంబరు మింగేస్తుందని ఎదురుచూస్తున్నాడు.

కార్యదర్శి కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. కాగితానికి ముక్కు ఆనించి, పక్కనున్న అంకెల్ని వేలితో తడుముతూ నాలుగో వరస పట్టుకుని, నల్లచీటీకి జిగురు రాసి అంటించాడు.

వంకరగా అంటించాడు.

రిహార్సల్ మెడ సాచి చూశాడు. చీటీ ఒక చివర పైకి లేచి, దాని కింద సిరా గీత ఒకటి తోక పెట్టి కనిపిస్తోంది. జిగురింకా తడి ఆరలేదు. మనిషి జీవితంలో ఒక్క తప్పు చెయ్యాలంటే అది ఇవాళే చెయ్యాలా నాయనా! కార్యదర్శి ఆ కాగితాన్ని జాగ్రత్తగా మైనా చేతికిచ్చి, తృప్తిగా వెనక్కి వెళ్ళాడు.

మైనా నల్లచీటీ చూసింది. క్షణంపాటు ఆ చిరునవ్వు కదిలింది. తల తిప్పి రిహార్సల్ వైపు చూసింది. ఏం జరిగిందో ఆవిడకి అర్థమైందని అతనికీ అర్థమైంది.

మొదటి పేరు చదివింది. చప్పట్లు. పిల్లల ఉత్తరాలు అనువాదం చేసే ముసలాయన పదడుగులు వేసి, పతకం వేయించుకుని, నేర్పినట్టే ఎడంవైపుకి తిరిగాడు. రెండో పేరు చదివింది. మూడో పేరు. ఆ చప్పట్ల మధ్యలో ఆవిడ బొటనవేలి గోరు చీటీ అంచు కిందికి దూరడం రిహార్సల్ చూశాడు. మెల్లగా లేపుతోంది.

“నాలుగో పతకం,” అంది మైనా. గొంతులో తేనె. “కానీ అందుకోవాల్సినవారు ఇవాళ మన మధ్య లేరు. అలాంటి మనిషి పేరైనా ఒక్కసారి తలుచుకోవడం మన ధర్మం. ఆ దివంగతురాలు...”

హాల్లో సగం మంది అప్పుడే జాలిగా తలలూపుతున్నారు. ఎంత తెలివి! ఇందులో తప్పేముందని ఎవరైనా అనగలరా? పొరుగుదేశం సైనిక ప్రతినిధి మొదటి వరసలో జేబులోంచి పెన్ను తీశాడు.

రిహార్సల్ తెల్ల గ్లవుజు పైకెత్తాడు.

బ్యాండు మాస్టరు పదకొండేళ్ళుగా చూస్తున్నది ఆ గ్లవుజునే, మాటల్ని కాదు. బ్యూగిల్ మోగింది. ఆరు వందల కుర్చీలు ఒక్కసారి వెనక్కి జరిగాయి. అధ్యక్షుడు లేచాడు, రాయబారి లేచాడు, పెన్ను చేత్తో పట్టుకునే సైనిక ప్రతినిధీ లేచి తల దించుకున్నాడు. నోరు తెరిచిన మైనా తెరిచినట్టే ఉండిపోయింది. రెండు దేశాల రేడియోల్లో నిశ్శబ్దం వినిపిస్తోంది. మౌనం పాటించే వేళ మాట్లాడితే ఆ గొంతుని ఇంక ఏ మైకు ముందుకీ రానివ్వరు. ఆ సంకోచం రెండు క్షణాలు.

ఆ రెండు క్షణాలు చాలు. అతను ఒకడుగు ముందుకేసి, రెండు చేతులూ చాచి, ఎంతో మర్యాదగా ఆ కాగితాన్ని ఆవిడ వేళ్ళలోంచి తీసుకున్నాడు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఇలాంటి సభల్లో దేని తర్వాత ఏం జరగాలో అతనికి తప్ప ఎవరికీ తెలియదు గనక, ఇదీ అందులో భాగమే అనుకున్నారు. కార్యదర్శి కూడా అలాంటి రూలు ఏదైనా తను మర్చిపోయానేమోనని గాభరాపడ్డాడు. రిహార్సల్ బొటనవేలితో చీటీని నొక్కి అంటించాడు. అక్క పేరులో మొదటి అక్షరం దగ్గర తడి జిగురు వేలికి తగిలింది.

అక్కడ నిలబడి ఆ నిమిషం మొత్తం మౌనం పాటించాడు. ఎవరి కోసం ఆరు వందల మంది తలలు దించారో ఆ మనిషి ఈ క్షణాన ఏ కల్నల్ కోటు మీదో నీళ్ళు చిలకరిస్తూ ఉంటుంది. రేడియో పెట్టుకునే ఉంటుంది. నిశ్శబ్దం విని, పాపం ఎవరో పోయారనుకుని తనూ ఒక నిమిషం చెయ్యి ఆపే ఉంటుంది. అది తలుచుకోగానే అతనికి ఏడుపు ఆగలేదు. ప్రోటోకాల్ ఆఫీసరు స్టేజీ మీద కన్నీళ్ళు పెట్టుకోవడం చూసి, మనసున్న మనిషి అనుకున్నారు జనం.

“ఐదో పతకం,” అన్నాడు మైకులో. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. చప్పట్ల హోరులో ముక్కు తుడుచుకుంటున్నట్టు మణికట్టు ఎత్తాడు. “సార్. మైనా వాళ్ళ మనిషి.”

ఈసారి టాక్సీ డ్రైవరు అడ్డం రాలేదు. చివరి వరసలో పెద్దాయన లేచి బయటికి నడిచాడు. మైనా చిరునవ్వు చెదరకుండా మెట్లు దిగేసరికి, పక్క తలుపు దగ్గర ఇద్దరు బలిష్ఠులు పెద్ద పూలగుత్తితో అభినందించడానికి సిద్ధంగా ఉన్నారు. ఆ పూలగుత్తి వెనక ఆవిడ చెయ్యి ఎవరు ఎలా పట్టుకున్నారో ఫోటోల్లో పడలేదు.

*

మూడింటికల్లా మైనా డ్రైవరు నోరు విప్పాడు. సూపరింటెండెంటుని తోసింది వాడే. రద్దు ముద్ర పడ్డ రిజిస్ట్రారు ఫైలూ, లిస్టూ రెండో అంతస్తు బీరువాలోకి చేరాయి. అక్క షాపు ముందు ఏ జీపూ ఆగలేదు.

రిహార్సల్ మాత్రం ఆ రోజంతా పరామర్శల్లో తడిసిపోయాడు. బ్యాండు మాస్టరు కావిలించుకుని ఏడ్చాడు. వాచ్‌మన్ కాఫీ తెచ్చి దగ్గరుండి తాగించాడు. విభాగం మూడు రోజుల సెలవిచ్చింది, అతను అడక్కుండానే. ఒక్కొక్కరు “ధైర్యంగా ఉండండి” అన్నప్పుడల్లా అక్కని ఇంకాస్త చంపినట్టే ఉంది అతనికి.

సాయంత్రం పెద్దాయన గదిలో కూలబడ్డాడు.

“శభాష్ అందామనుకున్నా,” అన్నాడు పెద్దాయన. “నీ ముఖం చూస్తే నోరు రావట్లేదు.”

“అక్క ఇంక ఇంటికి రాదు సార్.”

“ఎందుకు రాదు? వేరే పాస్‌పోర్టు, వేరే పుట్టినరోజు, వేరే పేరు. నేను తెప్పిస్తా.”

“ఆ పేరు అమ్మ పెట్టింది సార్. అమ్మది మాకు మిగిలింది అదొక్కటే.”

పెద్దాయన కిటికీ దగ్గరికి నడిచాడు. కిటికీ అవతల కింది అంతస్తువాళ్ళు గ్రూప్ ఫోటో కోసం బెంచీలు సర్దుకుంటున్నారు, ఎత్తయినవాళ్ళు వెనక్కి వెళ్ళమని ఎవరో కేకలేస్తున్నారు.

“బతికి ఉంది కదరా,” అన్నాడు చివరికి. ఆయన రిహార్సల్‌ని ‘రా’ అనడం అదే మొదటిసారి.

“ఉంది సార్. అదే చాలు.” ముఖం తుడుచుకుని, సెలవు చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. “ఇంకొక్క పని మిగిలింది. తను పోయిన సంగతి మా అక్కకి ఎవరు చెప్తారు?”

“దగ్గరి బంధువువి నువ్వే, నువ్వే చెప్పు,” అన్నాడు పెద్దాయన. “కాస్త జాగ్రత్తగా చెప్పు. పోయినవాళ్ళు తిట్టకూడదని ఏ రూల్లోనూ లేదు.”